క్రాక్ అనే జవాబు

ఫాదర్ ఎలిజేర్ గారికి, మెర్సిలియా కూతురి నమస్కారాలు.

అమ్మ శవజాగారంలో కథలు చెప్పుకోవద్దని మీరన్నారు, మానేశాం. ‘క్రిక్’ అంటే దయ్యాన్ని పిలవడమన్నారు. కాదండీ. ఆ మాట ఓడవాళ్లు తెచ్చారని కొందరు, ఆఫ్రికాదని కొందరు అంటారు. నాకు తెలిసింది ఒకటే. మా హైతీలో కథ చెప్పేవాళ్లు “క్రిక్?” అంటే, వింటున్నారా అని. “క్రాక్!” అంటే, ఇక్కడే ఉన్నాం, చెప్పమని. ఆ జవాబు రాకపోతే అమ్మ కథ మొదలుపెట్టేదే కాదు.

ఆ జాగారం రాత్రి అందరూ అల్లం టీ తాగి మూగవాళ్లలా కూర్చున్నారు. “పోయింది మా వదినేనా, మనమంతానా?” అని డ్యోసెల్ బాబాయి నన్ను దెప్పాడు.

రేపు తొమ్మిదో రోజు ప్రార్థన. జపమాల పూర్తవగానే నేను “క్రిక్?” అంటాను. మీరు పలకనక్కర్లేదు. లేచి మాత్రం వెళ్లకండి. మీరు లేస్తే ఊరంతా లేస్తుంది. అమ్మ కుర్చీ ఒక్కటే మిగులుతుంది, దానికి జవాబు చెప్పడం రాదు.