రెండు కిలోల సర్దుబాటు

శుక్రవారం రాత్రి, మంగళగిరి

రేపటి బాక్సింగ్ పోటీకి అరవై ఆరు కిలోలకు దిగాలని అన్నయ్య వారమంతా రెయిన్‌కోటు తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం మా కల్లంలో మిరపకాయలు తిరగేశాడు. నిన్నటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇవాళ తూకంలో సరిగ్గా సరిపోయాడు. రేపు అన్నయ్యతో తలపడే సిటీ బాక్సర్ మాత్రం రెండు కిలోలు ఎక్కువ తూగాడు, సిగ్గు లేకుండా నవ్వాడు కూడా!

"సర్దుకో తమ్ముడూ, టిక్కెట్లు అమ్ముడైపోయాయి" అన్నాడు పోటీ పెట్టిన పెద్దమనిషి. అన్నయ్య తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకొప్పుకున్నావన్నయ్యా?"

"కాదంటే మళ్ళీ నన్ను పిలిచేదెవరే, పిచ్చిదానా? ఇది గెలిస్తేనే టైటిల్ బౌట్‌లో ఆడనిస్తారు."

అదే మనం అరకిలో ఎక్కువుంటే సర్దుకునేవాళ్ళా? ఇంటికి పంపేసేవాళ్ళు. రేపు ఓడితే అన్నయ్య రికార్డులో ఓటమి అనే పడుతుంది. ఎవరి చేతిలో ఓడాడో ఉంటుంది, వాడెంత తూగాడో ఉండదు.