పదకొండో పేరు

అమ్మా, ఇంటిల్లిపాదీ బాగానే ఉన్నాం, నా మనసే బాగాలేదు. పక్కింటి సెనోవియా నీకు గుర్తుందిగా, రోజూ పొద్దున కంచె దగ్గర నాతో తెరెరే తాగేది. ఒకే కప్పు, ఒకే గొట్టం మా ఇద్దరికీ. ఆ చల్లటి ఆకునీళ్లు తాగుతూ ఆమే అడిగేది, "మీ యేసు సంగతి ఇంకాస్త చెప్పవే" అని. ఈస్టరు తర్వాత పాస్టరు గారు నన్ను సువార్త కమిటీలో వేశారు. ఇరుగుపొరుగును ప్రభువు దగ్గరికి ఎలా నడిపించాలో నేర్పే ఆ మీటింగులతో రెండు నెలలు కంచె వైపే పోలేదు. నిన్న కరపత్రాలు, కమిటీ ఇచ్చిన ఇరుగుపొరుగు పేర్ల జాబితా పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కాను.

"రోజూ నీళ్లు చల్లబెట్టుకుని నీకోసం చూశానే. ఇప్పుడు జాబితాతో వచ్చావా? అందులో నేనెన్నోదాన్నే తల్లీ?" అంది.

పదకొండో పేరు, అమ్మా. జాబితా మడుచుకుని గుమ్మం దిగాను.

నాన్న దగ్గు తగ్గిందా? కోడిపిల్లలు ఎన్ని దక్కాయి? బెనిగ్నో మామ బస్సులో వస్తే పెరట్లో నిమ్మగడ్డి ఓ కట్ట పంపు, తెరెరేలో అదంటే సెనోవియాకి ప్రాణం. కమిటీకి ఇక రానని చెప్పేశాను. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఈ పొద్దున కంచె దగ్గర కూర్చున్నాను. ఆమె తలుపు తీయలేదు. నీళ్లు వేడెక్కేదాకా ఒక్కదాన్నే తాగాను.

నీ ఎర్మెలిందా