కుండలో విరిగిన చీజ్

వ్యూలీ, సెప్టెంబర్ 8

ప్రియమైన సొలాంజ్ అక్కకి,

'ప్రియమైన' అన్నది అలవాటుకొద్దీ పడింది, కొట్టేసే ఓపిక లేక వదిలేశాను. మా పక్కింటి మార్సెల్ నిన్న నీ హోటల్లో కరిగిన చీజ్ కుండలో రొట్టె ముంచుకుని ఫాండ్యూ తిని వచ్చాడు. కుండ పక్కన పెట్టింది వాలే ప్రాంతం వాళ్ళ తెల్ల వైనట! నాన్న నాటిన ద్రాక్షతోట, నాన్న పేరున్న సీసా, ఇరవై ఏళ్ళుగా నీ బల్లల మీద ఉన్నది, ఏమైంది? సొంత అక్కే పొయ్యని వైన్ ఇంకెవడు కొంటాడు? ఈస్టర్‌కి వచ్చి నీ ఫాండ్యూని నోరారా మెచ్చుకున్నానే, దానికి ఇదా బదులు?

నీ తమ్ముడు (అవునో కాదో నువ్వే చెప్పు),
గాస్పార్


గ్రుయేర్, సెప్టెంబర్ 12

ఒరేయ్ గాస్పార్,

నీ పరువు సరే, నా పరువు సంగతి అడగవేం? పోయిన శనివారం చర్చి పాటగాళ్ళు నలభైమంది విందుకొచ్చారు. నీ పోయినేటి కోత వైన్ మొదటిసారి తెరిచి కుండలో పోశాను. గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉన్నా చీజ్ విరిగిపోయింది! అడుగున రబ్బరు ముద్ద, పైన నూనె. నిమ్మకాయలు పిండితే గానీ దారికి రాలేదు. మూడు సీసాలు తీసి తాగి చూశాను. చప్పన! వైన్‌లో పులుపే కదరా చీజ్‌ని కలిపి ఉంచేది! నాన్న ఒక పండు కొరికి, మొహం చిట్లించి కోత రోజు చెప్పేవాడు. నువ్వు ఒళ్ళు బద్ధకంతో పులుపంతా పోయేదాకా పండనిచ్చి పండనిచ్చి కోశావు.

ఇంకోటి. ఈస్టర్ రోజు నేను ఫాండ్యూలో వెల్లుల్లీ, చెర్రీ సారా రెండూ మర్చిపోయాను. మా ఆయనతో సహా అందరూ ఏడిపించారు. నువ్వొక్కడివే ఆహా ఓహో అన్నావు. మొహమాటపు మాటలు నాకొద్దు, నీ వైన్ పెట్టెలూ నాకొద్దు.

సొలాంజ్


వ్యూలీ, సెప్టెంబర్ 17

అక్కా,

నీ ఉత్తరం చించేశాను. మళ్ళీ అతికించి చదివాను. బద్ధకం అన్నావు చూడు, ఆ ఒక్క మాటకి నీ మొహం చూడకూడదనుకున్నాను.

నాది మొహమాటం కాదు. పోయినేడాది జనవరిలో జ్వరం వచ్చింది కదా, అప్పట్నుంచి నాకు వాసన తెలియదు, రుచి తెలియదు. వైనూ నీళ్ళూ ఒకటే. నా భార్య ఎడిత్‌కి కూడా చెప్పలేదు. వైన్ చేసేవాడికి ముక్కు పోయిందంటే తోట అమ్ముకోవడమే. పరికరం పెట్టి తీపి చూసి కోశాను. అది పులుపు సంగతి చెప్పదు. ఇప్పుడు తోట నిండా గుత్తులు. రేపు కోయాలో పదిరోజులాగాలో తెలియదు. నములుతాను, ఉమ్మేస్తాను, ఏమీ తెలియడం లేదు. ఇక నీ ఇష్టం, ఊళ్ళో టముకు వేసుకో.

గాస్పార్


గ్రుయేర్, సెప్టెంబర్ 19

ప్రియమైన తమ్ముడూ,

సిగ్గు లేదురా నీకు? ఇన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటావా? అక్క చచ్చిందనుకున్నావా? నాన్న ఒక పండు కొరికి రెండోది నా నోట్లో పెట్టేవాడు. నీకు పెట్టలేదని కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చేవాడివి. ఆ పులుపు నా నాలుక ఇంకా మర్చిపోలేదు.

గురువారం హోటల్‌కి తాళం వేసి వస్తున్నాను. తలుపు మీద 'కోతకి వెళ్ళాను' అని రాసిపెట్టాను. నేను వచ్చేలోగా ఒక్క గుత్తి తెంపావంటే వేళ్ళు విరుస్తాను. ఎడిత్‌కి ఇవాళే చెప్పు, లేదంటే నేను చెబుతాను. నా నోటి సంగతి నీకు తెలుసు.

కుండా, చీజూ, నిమ్మకాయలూ తెస్తున్నాను. నీ పాడు వైన్‌తోనే ఫాండ్యూ చేస్తాను. అడుగంటిన పెచ్చు కోసం చిన్నప్పుడు జుట్లు పట్టుకునేవాళ్ళం కదా, ఈసారి మొత్తం నీదే. రుచి తెలియకపోతే పోయింది, కరకరలాడడమైనా తెలుస్తుంది.

కోపం ఇంకా తగ్గని
నీ అక్క సొలాంజ్