ఒక వైపే కరిగిన వేప్

జనవరి 16, సోమవారం, థండర్ బే

అర్వో బాబాయ్ వేప్, అదే బ్యాటరీ సిగరెట్టు, మళ్ళీ కరిగింది. కౌంటర్ మీద పడేసి, దీన్ని ఏం చేసుకుంటావో చేసుకో కైసా, నాకు మాత్రం కరగనిది ఒకటి చూసి ఇవ్వు, అన్నాడు. మా నాన్నతో రైల్వే యార్డులో పనిచేసిన మనిషి. కొత్తది ఇచ్చి పంపేస్తే మా షాపు ఓనర్ గోర్డ్‌కి సరిపోతుంది. నాకు సరిపోదు. అసలు ఎందుకు కరుగుతోంది?

బాబాయ్, హిల్కా పిన్ని అక్టోబరులో ఒకేరోజు సిగరెట్లు మానేశారు. పిన్ని ఊపిరితిత్తులు చూసి డాక్టరు ఇంకొక్కటి కూడా వద్దన్నాడు. బాబాయ్ వేప్‌కి మారాడు. ఆవిడ మాత్రం తనకి ఏదీ అక్కర్లేదని, దేవుడు చాలని చర్చిలో అందరి ముందూ చెప్పింది.

జనవరి 18

లోపల వేడెక్కే కాయిల్ బాగుంది. చార్జింగ్ పిన్ దగ్గర మసి లేదు. చార్జర్ తెప్పించి చూశాను, చల్లగానే ఉంది. ఇదే మోడల్ ఇంకొకటి పట్టుకుని పొద్దుటినుంచీ బటన్ నొక్కుతూ కూర్చున్నాను. గోరువెచ్చన దాటలేదు. దానికేమైనా పురుడు పోస్తున్నావా అని గోర్డ్ వెటకారం.

జనవరి 20

తట్టింది. లోపల వేడెక్కితే లోపలినుంచి కదా కరగాలి. ఇది బయటినుంచి కరిగింది. అదీ ఒక వైపే. ఆ వైపు అడ్డంగా ఒక గాడి. బ్యాటరీ తొడుగు కూడా అటువైపే ముడతలు పడింది.

ఈ వేడి దీనిది కాదు.

జనవరి 23, సోమవారం

బాబాయ్‌కి ఇచ్చిన కొత్తదీ కరిగింది. అదే వైపు, అదే గాడి. ట్రక్కు హీటర్ మీద పెట్టావా, వంటింట్లో పెట్టావా అని అడిగాను. కోటు జేబులోనే ఉంటుందట. నువ్వు వేప్‌లు అమ్మేదానివా, పోలీసువా అన్నాడు. కరగనిది కావాలి, అంతే. ఇంకేం మాట్లాడడు.

జనవరి 28, శనివారం

సాయంత్రం మా ఆవిరిగదిలో కూర్చున్నాను. ఈ ఊళ్ళో మావాళ్ళెవరికీ శనివారం ఆవిరిస్నానం తప్పదు. రాళ్ళ మీద నీళ్ళు పోయబోతే పొయ్యి చుట్టూ ఉన్న ఇనప కడ్డీ మోచేతికి తగిలి చురుక్కుమంది. చూసుకుంటే అడ్డంగా గీత.

బాబాయ్ ఎప్పుడూ సోమవారమే వస్తాడు. ఆదివారం షాపు ఉండదు.

జనవరి 29

బ్యాటరీ పేలితే ఏమవుతుందోనని నిద్ర సరిగ్గా పట్టలేదు. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయ్ గడ్డకట్టిన చెరువు మీదికి చేపలకి పోయాడు. పిన్ని కాఫీ ఇచ్చి, ఏలకుల రొట్టె పెట్టింది. ఆవిరిగదిలో వేప్ పెడితే పేలుతుంది, బాబాయ్‌కి గట్టిగా చెప్పు అన్నాను.

ఆయన కాదే అమ్మాయ్, నేను, అంది.

ఆయన స్నానం ముగించి ఇంట్లోకి వెళ్ళాక, ఆవిరిగది బయట మరిచిపోయిన కోటులోంచి వేప్ తీసుకుంటుందట. నాలుగు దమ్ములు. మధ్యమధ్యలో కడ్డీ మీద పెడుతుంది. వారానికి అదొక్కటే. అదీ లేకపోతే మళ్ళీ ప్యాకెట్ కొనేస్తాను, నా సంగతి నాకు తెలుసు, అంది. ఆయనకి చెప్పకే, నా గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటున్నాడు, అని కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. చెప్పనని మాట ఇచ్చాను.

జనవరి 30, సోమవారం

బాబాయ్ కరిగినదాంతో వచ్చాడు. వేడిని తట్టుకునేది ఎక్కడా లేదు బాబాయ్, కరగడం కాదు, పేలుతుంది, అని చెప్పి ఆగిపోయాను. ఆయన ముఖం పాలిపోయింది. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

కరగనిది ఇవ్వమన్నాను గానీ, ఎందుకు కరుగుతోందని నిన్ను ఎప్పుడైనా అడిగానా, అన్నాడు.

శనివారం శనివారం కోటు మరిచిపోయేంత ముసలాణ్ణి కాలేదే, అన్నాడు. వేప్‌లో పోసే ద్రవం ఘాటు తక్కువది చూసి నింపి మరీ మరిచిపోతాడట.

ఫిబ్రవరి 6, సోమవారం

పిన్ని ఫోన్ చేసింది. ఆవిరిగది తలుపుకి బయటివైపు ఎవరో మేకు కొట్టి, తను అల్లిన ఉన్ని మేజోడు తగిలించారట. వేప్ అందులో ఉందట. ఎవరు కొట్టారని అడగబోవడం లేదంది.

ఇవాళ కౌంటర్ దగ్గరికి బాబాయ్ రాలేదు.