పెరట్లో ఎర్రకోటు

చి.ల.సౌ. దేదీప్యకు,

డులూత్ మంచులోంచి మీ అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమమే, నా మోకాళ్ళు తప్ప. చాండ్లర్‌లో అప్పుడే ఫ్యాన్ వేసుకుంటున్నానని రాశావు. చదివి బాగా కుళ్ళుకున్నాను.

నువ్వు ఆ ఎండలో పెట్టి పంపిన మినప వడియాలు అందాయి. నేను వేయిస్తుండగానే మీ ఆయన శ్రీహర్షా, అవనీ సగం ఖాళీ చేసేశారు.

ఇక్కడ చలి ఎప్పుడు తగ్గుతుందని అడిగావు. శివరాత్రి వెళ్ళింది కదా, ఇక తగ్గుముఖమేనని నమ్మి, ఇంట్లో కోట్లన్నీ ఉతికి, కలరా ఉండలు వేసి పెట్టెలో సర్దేశాను. మర్నాడు పొద్దున్న మీ ఆయన ఆఫీస్‌కి బయల్దేరుతూ కోటు కోసం వెతుక్కున్నాడు.

"అమ్మా, శివరాత్రి సెంటిమెంట్ డులూత్‌లో వర్కౌట్ కాదే! మార్చ్ ఎండ్ దాకా నార్మల్ కన్నా కోల్డ్‌గానే ఉంటుందంట. ఇంకో పెద్ద స్టార్మ్ కూడా ఉందట. దేదీప్యని రోడ్లు క్లియర్ అయ్యాక, ఏప్రిల్‌లో రమ్మని రాయి" అన్నాడు. పాపం, ఆ కలరా ఉండల వాసనతోనే ఆఫీస్‌కి వెళ్ళాడు.

వాడి భయం నాకు తెలుసు. డిసెంబర్‌లో నువ్వు నడుపుతున్న కారు జారి మంచుగుట్టలో దిగబడ్డ రోజు, ఇక స్టీరింగ్ ముట్టుకోనని నువ్వన్నది నేనూ విన్నాను. ఉద్యోగం వదులుకుని రమ్మనడం లేదు. చలి తగ్గాక వస్తానన్నందుకు నిన్నెవరూ తప్పు పట్టరు.

అవని ఫోన్‌లో సరిగ్గా మాట్లాడటం లేదు, నా మీద అలకా అని అడిగావు. దీనికి జవాబు ఫోన్‌లో చెప్పలేకే ఈ ఉత్తరం. ఎప్పుడు మాట్లాడినా పిల్ల నా పక్కనే ఉంటుంది.

కోట్లు సర్దిన రోజు, నువ్వు ఇక్కడ వదిలివెళ్ళిన ఎర్రకోటు కనబడలేదు. ఇల్లంతా గాలించి, వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, పెరట్లో మంచుబొమ్మ ఒంటి మీద ఉంది. "అది అమ్మ" అంది అవని. బడి నుంచి రాగానే దాని దగ్గర నిలబడి కబుర్లన్నీ చెబుతోంది. నీతో చెప్పాల్సినవన్నీ అక్కడే అయిపోతున్నాయమ్మా.

టీవీలో చలి ఇంకా ఉంటుందని చెబితే మేం ఉసూరుమంటాం, అవని గంతులేస్తుంది. మొన్న ఒక్కపూట ఎండ కాసేసరికి, "నానమ్మా, అమ్మ మెల్ట్ అయిపోతుందా?" అని నా కొంగు పట్టుకుని ఏడ్చింది. అది నిద్రపోయాక చూస్తే బొమ్మ తల ఒరిగిపోయి ఉంది. గడప దాటాలంటేనే వణికే నేను, అట్లకాడ పట్టుకుని వెళ్ళి మంచు మెత్తి నిలబెట్టి వచ్చాను. ఈ సంగతి శ్రీహర్షకు కూడా చెప్పలేదు. చెబితే వాడు తట్టుకోలేడు.

అందుకే వాడు రాయమన్నది రాయడం లేదు. ఏప్రిల్ దాకా ఆగకు. రెండు రోజుల సెలవు దొరికినా చాలు, వచ్చెయ్. ఎయిర్‌పోర్టుకి వాడే వస్తాడు, నువ్వు స్టీరింగ్ ముట్టుకోనక్కర్లేదు. ఆ బొమ్మ కరిగే వేళకి నువ్వు పిల్ల పక్కన ఉండాలి.

వచ్చేటప్పుడు వేరే కోటు తెచ్చుకో. నీది ఇంకా పెరట్లోనే ఉంది.

ఇట్లు,
నీ కోసం వాకిట్లో మంచు తోయిస్తున్న
మీ అత్తయ్య
కనకదుర్గ