ఇంక్యుబేటర్‌లో ఎండుమిరపకాయ

అత్తయ్యా,

మీ సంవత్సరీకం అయ్యాక మీ అబ్బాయి ఇంక్యుబేటర్ కొన్నాడు. గుడ్లు పొదిగే కరెంటు పెట్టె. మీ గదిలోనే పెట్టాడు. "ఇక కోడితో పన్లేదు. మూత మాత్రం తియ్యమాకు, వేడి పోద్ది" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం ఒకటే ఉరుములు. కల్లంలో మిరపకాయల మీద పట్టలు కప్పి వచ్చేసరికి మీ పొదుగు గంప గుర్తొచ్చింది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా మీరు వాటి మధ్య ఇనుప మేకు, ఎండుమిరపకాయ పెట్టేవారు. "నీ చాదస్తం తగలెయ్య" అని మీ అబ్బాయి నవ్వేవాడు. మరి కరెంటు పెట్టెలో గుడ్లకీ ఉరుము తగులుతుందా? కోడే లేనప్పుడు ఈ కాపలా పనిచేస్తుందా? అడిగితే నన్ను చూసీ నవ్వుతాడని, మేకూ మిరపకాయా కొంగున ముడేసుకుని వెళ్లి మూత తీశాను.

గుడ్ల మధ్య అప్పటికే ఒక మేకు ఉంది. పక్కన తొడిమతో సహా ఎండుమిరపకాయ.

మెల్లగా మూత వేసి వచ్చాను. మీ అబ్బాయి వసారాలో కూర్చుని వాన చూస్తున్నాడు.

"మూత తీశావా?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

"లేదండీ" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

కొంగు ముడి ఇంకా విప్పలేదు అత్తయ్యా. ఈ రెండో మిరపకాయను ఏం చేయమంటారు?