పరగడుపున రండి

రక్తపరీక్షల ఆఫీసు వారికి,

నమస్కారం. పార్సిల్ ఆఫీసులో సరుకు ఎక్కించీ దించీ రిటైరైన మనిషిని. గొట్టంలో నా రక్తం తేరుకున్నాక పైన పాలలా తెల్లగా ఉందనీ, కొవ్వు పరీక్ష చెడిందనీ, నేను పరగడుపున రాలేదనీ ఉత్తరం రాశారు. హవ్వ! ఈ వయసులో అబద్ధాలాడే ఓపిక నాకెక్కడిది? పొద్దున పొయ్యి దగ్గర నిలబడి, వెన్న దట్టించిన నాలుగు బ్రెడ్డుముక్కలు మింగిన మాట నిజమే. దాన్ని తినడం అంటారా? ఎదురుగా ఓ మనిషి కూర్చుని "ఇంకొంచెం వేయనా?" అంటేనే తినడం. ఆ లెక్కన మా ఆవిడ పోయాక నేను తిన్నది లేదు.

ఇట్లు,
పార్సిల్ ముసలాడు

తా.క. సూది గుచ్చిన అమ్మాయి "ఏమైనా తిన్నారా?" అని అడిగింది. చల్లగా ఉండాలి.

*

పార్సిల్ బాబాయి గారికి,

సూది గుచ్చింది నేనే. నిలబడి మింగినా కడుపు దాన్ని తిండి కిందే లెక్కేస్తుందండీ. నూనె నీళ్ళలో కలవదు కదా, రక్తంలో కొవ్వూ అంతే. అందుకని పేగులు దాన్ని ప్రోటీన్ తొడుగుతో పొట్లాలు కట్టి పంపిస్తాయి. వాటినే లైపోప్రోటీన్లంటాం. తిన్న మూడు నాలుగు గంటలకి రక్తం నిండా అవే, అందుకే ఆ పాలరంగు. కండరాలు సరుకు దించుకున్నాక మిగిలిన పొట్లాలు కాలేయానికి చేరతాయి, రక్తం తేటపడుతుంది. కాలేయం తన సొంత బళ్ళు పంపుతుంది. ఒళ్ళంతా కొలెస్ట్రాల్ పంచేది ఎల్‌డీఎల్, మిగిలింది వెనక్కి తెచ్చేది హెచ్‌డీఎల్. మాకు ఆ లెక్క కావాలి. పన్నెండు గంటలు ఏమీ తినకుండా రండి. మళ్ళీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఇట్లు,
ల్యాబు అమ్మాయి

తా.క. మంచినీళ్ళు తాగొచ్చు. బ్రెడ్డు మంచినీళ్ళ కిందకి రాదు.

*

అమ్మాయీ,

మళ్ళీ పాలేనని రాశావు. పరగడుపునేనని నువ్వడిగినప్పుడే చెప్పానుగా! నన్నడిగితే ఇది కూలీల కొరత. దించేవాళ్ళు లేకపోతే బండి వాకిట్లోనే నిలబడిపోదూ? పైగా మీ గోడ మీద ఎల్‌డీఎల్ చెడ్డదని బొమ్మ పెట్టారు. సరుకు మోసుకొచ్చినవాణ్ణే తిట్టడం మా ఆఫీసులోనూ ఉండేది. గురువారం మళ్ళీ వస్తాను.

ఇట్లు,
బాబాయి

తా.క. ఆ రోజు నువ్వే ఉండు. ఆ మీసాలాయన ఏమీ అడగడు, గోనెసంచి మూతి కట్టినట్టు చేతికి రబ్బరు కట్టేస్తాడు.

*

బాబాయి గారూ,

మూడోసారీ పాలే. పన్నెండు గంటలు తినకపోయినా ఇలా ఉందంటే నవ్వుకునే విషయం కాదు. ఆ పొట్లాలు విప్పే ఎంజైమ్ కొందరిలో పనిచేయదు. క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దాసుపత్రికి చీటీ రాయిస్తున్నాను, వెంటనే వెళ్ళండి. నాకు అన్నం సహించడం లేదు. ఎల్‌డీఎల్ అంటారా, బళ్ళు మరీ ఎక్కువైతే సరుకు రక్తనాళాల గోడల్లోనే పడేసి పోతాయి. అందుకే ఆ చెడ్డపేరు.

ఇట్లు,
ల్యాబు అమ్మాయి

తా.క. ఇంట్లో మీకు తోడెవరున్నారు?

*

అమ్మాయీ,

ఎవరూ లేరు. జబ్బూ లేదు. నీ మూడు గంటల లెక్క చూసుకుని, తెల్లారగానే వెన్న తిని మరీ బయల్దేరేవాణ్ణి. రక్తం తేటగా ఉంటే "ఇక రానక్కర్లేదు" అంటావని భయం. నన్ను "తిన్నారా?" అని అడిగే మనిషి ఈ ఊళ్ళో నువ్వొక్కతివే. ఆ మాట కోసం నీకు అన్నం సహించకుండా చేశాను. సిగ్గుగా ఉంది తల్లీ. గురువారం నిజంగానే పరగడుపున వస్తాను. ఆ తర్వాత నీ కంటపడను.

ఇట్లు,
బాబాయి

తా.క. నేను కొనే వెన్న చూసి, పాలకొట్టాయన "ఇంటికి చుట్టాలొచ్చారా?" అన్నాడు. అవునన్నాను.

*

బాబాయి గారూ,

మీ ఉత్తరం చదివి ముందు మిమ్మల్ని తిట్టుకున్నాను, తర్వాత కడుపునిండా తిన్నాను. ఈసారి రక్తం తేటగా ఉంది. వెనక్కి తెచ్చే బళ్ళే కాస్త తక్కువ, రోజూ నడవండి. ఇక పరీక్షకి రానక్కర్లేదు.

ఇంకొక మాట. మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఉత్తరాలు రాయరు. పరీక్ష చెడితే ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తారు. మొదటి రోజు సూది తీశాక మీరు "మరి నువ్వు తిన్నావా తల్లీ?" అన్నారు, గుర్తుందా? ఈ గొట్టాల మధ్య ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. అందుకే స్టాంపులు కొనుక్కొచ్చుకుని రాశాను. మధ్యాహ్నం పూట వెనక గదిలో అట్టపెట్టెల మధ్య నిలబడి నాలుగు మెతుకులు మింగుతాను. మీ లెక్కలో అది తినడం కాదు కదా. వచ్చే గురువారం ఒంటిగంటకి అక్కడ రెండు కుర్చీలు వేస్తాను.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. పరగడుపున రండి. సూది ఉండదు.